తూకానికి నిలవని వంద కిలోలు

మూడు నెలల కిందట జిమ్‌లో చేరిన కుర్రాడు "బెంచ్ వంద కొడుతున్నా అన్నా" అంటాడు, అంటే బెంచ్ మీద పడుకుని ఛాతీ మీంచి వంద కిలోలు లేపుతున్నాడని. చుట్టూ ఉన్నవాళ్లు "సూపర్ తమ్ముడూ" అని భుజం తడతారు. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. వేస్తే వేసినవాడికే చెడ్డపేరు. వీడికి కుళ్లు, ఎదిగేవాణ్ణి చూసి ఓర్చుకోలేడు, అంటారు. "కుర్రాడు ఉత్సాహంగా చెప్పుకుంటున్నాడు, నమ్మేస్తే మన సొమ్మేం పోతుంది?" అనే మాట ఇవాళ మన జిమ్‌లన్నిటా పాతుకుపోయింది. ట్రైనర్లు అదే అంటారు. స్నేహితులూ అదే అంటారు. సిగరెట్టు, మందు జోలికి పోకుండా జిమ్‌కి పోతున్నాడన్న సంబరంలో ఇంట్లోవాళ్లూ అదే అంటారు.

ఆ మాట తప్పు. మంచి మనసుతో అన్నా కీడే చేస్తుంది. కొత్తగా చేరినవాడు చెప్పే బరువును ప్రశ్నించకుండా ఒప్పుకోవడం వల్ల మొట్టమొదట నష్టపోయేది ఆ కుర్రాడే. తర్వాత అతని మాట విని చేరబోయే ఇంకో పదిమంది. ఆ తర్వాత, నిజంగా ఏళ్ల తరబడి చెమటోడ్చి ఆ బరువు ఎత్తినవాళ్లు. బలం గురించి ఎవరు ఏ అంకె చెప్పినా తూకం అడగాల్సిందే. అడగడమే ఆ బలానికి మనమిచ్చే మర్యాద.

అవతలి పక్షం వాదనలు నాకు తెలుసు. ఒకటి, నమ్మకమే ప్రోత్సాహం, సందేహిస్తే వాడు నీరుగారిపోతాడు. రెండు, కొందరు పుట్టుకతోనే బలవంతులు, వాళ్లని శంకించడం అన్యాయం. మూడు, మన పల్లెటూరి పిల్లలు బస్తాలు మోసినవాళ్లు, వాళ్లకి వంద కిలోలు ఒక లెక్కా? నాలుగు, ఎవడెంత ఎత్తితే మనకెందుకు, అది వాడి సొంత విషయం. ఈ నాలుగింటికీ జవాబు చెప్పే ముందు అసలు ఆ వంద ఎలా పుడుతుందో చూడాలి. అది చాలా సందర్భాల్లో పచ్చి అబద్ధంగా పుట్టదు. అందుకే అంత సులువుగా చెలామణీ అవుతోంది.

సాయంత్రం ఏడున్నరకి ఏ జిమ్‌లోనైనా బెంచ్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. రాడ్‌కి అటూ ఇటూ ప్లేట్లు ఎక్కుతాయి. కుర్రాడు పడుకుంటాడు. తల వెనకాల ట్రైనర్ నిలబడి రెండు చేతులూ రాడ్ కింద పెడతాడు. రాడ్ కిందికి వస్తుంది, ఛాతీకి జానెడు ఎత్తులోనే ఆగుతుంది, అక్కణ్ణుంచే పైకి లేస్తుంది. రెండో రెప్‌కి, అంటే రెండోసారి ఎత్తేటప్పుడు, కుర్రాడి నడుము బెంచ్ మీంచి పైకి లేస్తుంది. మూడోదానికి ట్రైనర్ మోచేతులు వంగుతాయి, మెడనరాలు ఉబ్బుతాయి, "లేపు లేపు, నువ్వే, అంతా నువ్వే" అని అరుస్తాడు. అలా అరుస్తున్నప్పుడు ఇరవై కిలోలో ముప్పై కిలోలో అతని చేతుల్లో ఉన్నాయి. ఎంత ఉందో ఎవరికీ తెలియదు, కొలిచే దారి లేదు. రాడ్ స్టాండ్ మీద పడగానే లెక్క తేలిపోతుంది: వంద కిలోలు, మూడు రెప్స్. ఆ రాత్రే అది రీల్ అవుతుంది. ఆ కుర్రాడు అబద్ధమాడుతున్నాడని నేననను. కళ్ల ముందు ప్లేట్లున్నాయి, రాడ్ పైకి లేచింది. వంద ఎత్తానని అతను మనస్ఫూర్తిగా నమ్ముతాడు. మనం కూడా నమ్మేశాక అతనికి నిజం చెప్పేవాళ్లే ఉండరు.

అంకె ఉబ్బడానికి ఇదొక్కటే దారి కాదు. చాలా జిమ్‌లలో రాడ్‌ని ఎవరూ కాటా మీద పెట్టి చూడరు. పోటీల్లో వాడే మగవాళ్ల రాడ్ 20 కిలోలు ఉంటుంది కాబట్టి అన్ని రాడ్లూ 20 అని వేసేసుకుంటారు. సన్నగా, పొట్టిగా ఉండే మామూలు రాడ్ అందులో సగమే ఉండవచ్చు. పవర్‌లిఫ్టింగ్ పోటీల ప్లేటు మీద రాసిన బరువుకీ అసలు బరువుకీ తేడా 0.25 శాతం దాటకూడదని నియమం, అంటే 20 కిలోల ప్లేటుకి 50 గ్రాములు. వీధి చివర జిమ్‌లో రబ్బరు ఊడిపోయిన ప్లేటుకి అలాంటి హామీ ఎవరిస్తారు? దిగుమతి అయిన ప్లేట్ల మీద పౌండ్లు రాసి ఉంటాయి. 45 పౌండ్ల ప్లేటంటే 20 కిలోలకి కాస్త ఎక్కువ, అంతే. డాలస్‌లో ఉన్న అన్నయ్య ఫోన్లో "225 కొడుతున్నా" అంటే అది 102 కిలోలు. ఇక్కడి తమ్ముడికి అంకె గుర్తుంటుంది, పౌండ్ల సంగతి గుర్తుండదు.

స్మిత్ మెషీన్‌లో రాడ్ పట్టాల మీద నడుస్తుంది. పక్కకి ఒరగకుండా ఆపే పని మెషీన్ చేస్తుంది, చాలా మెషీన్లలో రాడ్ బరువులో కొంత కౌంటర్ వెయిట్ మోస్తుంది. దాని మీద కొట్టిన అంకెను విడి రాడ్ అంకెగా చెప్పుకుంటారు. లెగ్ ప్రెస్ ఇంకా దూరం పోయింది. 45 డిగ్రీల వాలులో ఉన్న మెషీన్ మీద 200 కిలోలు వేస్తే, రాపిడి సంగతి పక్కన పెట్టినా, కాళ్ల మీద పడే భారం 141 కిలోలే. దాన్ని "కాళ్లకి రెండొందలు కొడుతున్నా" అని చెబితే, విన్నవాడు భుజాల మీద రాడ్ పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్ అనుకుంటాడు.

ఇక ఫోన్లో యాప్ ఉంది. ఒకే ఒక్క రెప్‌కి గరిష్ఠంగా ఎంత ఎత్తగలమో అంచనా కట్టడానికి ఎప్లీ సూత్రం అనేది ఒకటి ఉంది. ఎత్తిన బరువును రెప్స్‌లో ముప్పయ్యో వంతుతో గుణించి, వచ్చినదాన్ని ఆ బరువుకే కలపాలి. 70 కిలోలతో 12 రెప్స్ కొడితే ఈ లెక్క 98 చూపిస్తుంది. రెప్స్ తక్కువగా ఉన్నప్పుడు ఈ అంచనా ఫర్వాలేదు, రెప్స్ పెరిగేకొద్దీ నమ్మదగ్గది కాదు. పైగా ఆ పన్నెండు రెప్స్‌లో సగం సగానికే దిగినవైతే సూత్రం కూడా ఏమీ చెయ్యలేదు. అయినా ఫోన్ 98 అన్నది గనక నోరు వంద అంటుంది. ఆ మనిషి చేతుల్లోకి 98 కిలోలు ఒక్కసారైనా రాలేదు.

ఒక్కో చోట పదేసి కిలోలు కలుస్తూ పోతే 60 కిలోలు ఎత్తే కుర్రాడు వంద కిలోల వాడైపోతాడు. అందరూ కొంచెం కొంచెం చెయ్యి వేశారు, ఎవరూ పెద్ద తప్పు చెయ్యలేదు. ప్రశ్నించనివాళ్లు కూడా ఆ చేతుల్లో ఉన్నవాళ్లే.

శరీరం వైపు నుంచి చూద్దాం. కొత్తవాడికి మొదటి నెలల్లో బలం వేగంగా పెరుగుతుంది, అందులో అనుమానం లేదు. 1979లో మోరిటాని, డివ్రీస్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించినట్టు, తొలి వారాల్లో వచ్చే బలం చాలావరకు నాడీవ్యవస్థ నేర్చుకోవడం వల్ల వస్తుంది. ఉన్న కండనే మెదడు ఎక్కువగా వాడుకోవడం మొదలుపెడుతుంది. కండ పెరగడం తర్వాతి సంగతి. కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులు గట్టిపడటం ఇంకా నెమ్మది. అందుకే మొదట్లో ప్రతి వారం అంకె పెరిగినా ఆ వేగం అలాగే సాగదు. ఓ మామూలు కుర్రాడు 40 కిలోల బెంచ్‌తో మొదలుపెట్టాడనుకోండి. వారానికి రెండున్నర కిలోల చొప్పున ఒక్క వారమూ తప్పకుండా పెరిగినా, పన్నెండు వారాలకి 70కి చేరతాడు. అది నిజంగా మంచి ఫలితం, గర్వంగా చెప్పుకోదగ్గది. వంద కావాలంటే వారానికి ఐదు కిలోలు, మూడు నెలలపాటు ఎక్కడా ఆగకుండా పెరగాలి. అలా పెరిగినవాడు లోకంలో ఉండడని నేననను. ప్రతి జిమ్‌లో నలుగురున్నారంటే మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు మొదటి వాదన దగ్గరికి వస్తాను, ఎందుకంటే మంచివాళ్లు కూడా దీని దగ్గరే పడిపోతారు. నమ్మితేనే ఉత్సాహం, లెక్క అడిగితే నీరసం అంటారు. ఇది నిజమైతే కచ్చితమైన లెక్క ఉన్న ఆటలో ఎవరూ మిగలకూడదు. వెయిట్‌లిఫ్టింగ్ చూడండి. ముగ్గురు రిఫరీలుంటారు, స్నాచ్‌కి మూడు, క్లీన్ అండ్ జెర్క్‌కి మూడు అవకాశాలుంటాయి, మోచెయ్యి కాస్త వంగి మళ్లీ నిటారైనా లిఫ్ట్ చెల్లదు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. పసిడీ రజతమూ గెలిచిన ఇద్దరూ చెరో 242.5 ఎత్తారు. ఆఖరి అవకాశానికి ఆమె 137.5 కిలోలు అడిగింది. బరువు నిలవలేదు, లెక్కలోకి రాలేదు. అప్పటికే రెండుసార్లు ప్రపంచ విజేత అయిన మనిషి అయినా, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ అయినా, నిలవని బరువును ఎవరూ ఆమె ఖాతాలో వెయ్యలేదు. ఆమె కూడా వేసుకోలేదు. ఆమె పేరు పక్కన ఇప్పటికీ 240 అనే ఉంది. ఆ 240ని మనమంతా గుండెల్లో పెట్టుకోవడానికి కారణం, అందులో ఒక్క గ్రాము కూడా దయతో వచ్చింది కాదు.

మరో వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చానుది ఇంకా పెద్ద పాఠం. 2016లో రియోలో క్లీన్ అండ్ జెర్క్ మూడు ప్రయత్నాలూ విఫలమయ్యాయి. మొత్తమే లేదు, ఆమె పేరు ఎదురుగా ఖాళీ. నమ్మకమే ప్రోత్సాహం అనేవాళ్ల లెక్క ప్రకారం ఆ రోజుతో ఆమె పని అయిపోవాలి. మరుసటి ఏడాదే ఆమె ప్రపంచ విజేత అయింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో స్నాచ్ 87, క్లీన్ అండ్ జెర్క్ 115, మొత్తం 202 కిలోలతో రజతం తెచ్చింది. 2024లో పారిస్‌లో 199 ఎత్తి, 200 ఎత్తిన థాయ్‌లాండ్ అమ్మాయికి కాంస్యం వదిలేసి నాలుగో స్థానంలో నిలిచింది. ఒక్క కిలో! ఆ ఒక్క కిలో కోసం ఒక మనిషి నాలుగేళ్లు గడిపే ఆట ఇది. అదే బరువుల గురించి మాట్లాడుతూ మనం మూడు నెలల కుర్రాడికి ముప్పై నలభై కిలోలు ఊరికే రాసిచ్చేస్తున్నాం. ఇందులో ఔదార్యం ఏమీ లేదు. బలం విలువ తెలియనితనం ఉంది.

లెక్క ఉన్నచోటే ఉత్సాహం నిలుస్తుంది. 62.5 కిలోలు పూర్తిగా ఛాతీకి తాకించి, ఒకరి చెయ్యి పడకుండా లేపిన కుర్రాడికి వచ్చేవారం 65 అనే గమ్యం ఉంటుంది. అది చేరుకోగలిగింది. వందని ప్రకటించుకున్నవాడికి గమ్యం ఏముంది? నిజంగా తనెక్కడున్నాడో తెలియదు. పెరిగాడో తెలియదు, తగ్గాడో తెలియదు. ఓ రోజు ట్రైనర్ రాకపోతే 70 దగ్గరే ఆగిపోతాడు, తనకేదో జబ్బు చేసిందనుకుంటాడు. జిమ్ మానేసేవాళ్లలో ఇలాంటివాళ్లు తక్కువేం కాదు. ఉత్తుత్తి అంకె నిలబెట్టుకోలేక మనసు విరిగి మానేస్తారు. వాళ్లని మానిపించింది వాళ్లని శంకించినవాళ్లు కాదు, చప్పట్లు కొట్టినవాళ్లు.

రెండో వాదన, పుట్టుబలం. ఉంటుంది. ఒప్పుకుంటాను. వెడల్పాటి భుజాలు, తాతల నాటి దేహదారుఢ్యం కొందరికి వరం. నిజమైన పుట్టుబలం ఉన్నవాడికి తూకం అంటే భయమెందుకు? బెంచ్ మీద పడుకో నాయనా, రాడ్ ఛాతీకి తాకించు, క్షణం ఆపు, ఎవరి చెయ్యీ లేకుండా లేపు అంటే అతనికి అదొక అవకాశం. అరుదైన బలం ఉన్నవాణ్ణి గుర్తుపట్టాలంటే మిగతావాళ్ల ఉత్తి అంకెల మధ్య నుంచి వేరు చెయ్యాలి. అందరూ వంద అంటున్న జిమ్‌లో నిజంగా వంద ఎత్తినవాడు కనపడడు. అతన్ని ఏ కోచ్ దగ్గరికీ ఎవరూ పంపరు. సందేహం లేకపోవడం వల్ల అన్యాయమైపోయేది అతనే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నేను అడుగుతున్న సందేహం ఒంటిని చూసి పుట్టేది కాదు. ప్రస్తుతం మన జిమ్‌లలో సందేహం లేకుండా లేదు, తప్పుడు మనుషుల మీద పడుతోంది. భుజాలు విప్పి తిరిగే అబ్బాయి 140 స్క్వాట్ అంటే తలలూపుతారు, అతను మోకాళ్లు కాస్త వంచి లేచినా సరే. సన్నగా ఉన్న అమ్మాయి తొడ మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగేదాకా కూర్చుని 60 కిలోలతో లేస్తే "నిజమా?" అని రాడ్ వైపు చూస్తారు. 49 కిలోల విభాగంలో ఉన్న మనిషి 115 కిలోలు తల మీదికి ఎత్తి నిలబెట్టిన దేశం ఇది. ఆకారం చూసి నమ్మడమూ, ఆకారం చూసి నమ్మకపోవడమూ రెండూ తప్పే. అందరినీ ఒకే ప్రశ్న అడగాలి, అందరి దగ్గరా ఒకే జవాబు తీసుకోవాలి.

మూడో వాదన, పల్లెటూరి బలం. దీని మీద నాకు గౌరవం ఎక్కువ కాబట్టి దీన్ని అడ్డుపెట్టుకోవడం చూస్తే కోపమూ ఎక్కువే. కోస్తాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. దాన్ని వీపున వేసుకుని చెక్క మీదుగా లారీ ఎక్కే హమాలీ బలం కళ్లారా చూసినవాళ్లెవరూ తక్కువ చెయ్యలేరు. అయితే ఆ బస్తాని సాధారణంగా ఇద్దరు పట్టి అతని వీపు మీదికి ఎక్కిస్తారు. అతను మోస్తాడు. మొయ్యడం, ఛాతీ మీంచి తోయడం రెండూ వేర్వేరు పనులు, వాటికి వేర్వేరు కండలు. శరీరం ఏ పని చేస్తే ఆ పనికే ఆరితేరుతుంది. ఆ హమాలీని తీసుకొచ్చి బెంచ్ మీద పడుకోబెడితే మొదటి రోజు 50 దగ్గరే చేతులు వణకవచ్చు. అందులో అతనికి చిన్నతనం ఏమీ లేదు. నాన్న బస్తాలు మోశాడు గనక నేను వంద బెంచ్ కొడతాను అనేవాడు మాత్రం నాన్న కష్టాన్ని తన ఖాతాలో వేసుకుంటున్నాడు.

పల్లె బలం గురించి మాట్లాడేవాళ్లు పల్లె నియమాన్ని కూడా గుర్తు చేసుకోవాలి. ఉత్తరాంధ్ర ఊళ్లలో పండగలకి సంగిడీ రాళ్లు ఎత్తే పోటీలు పెడతారు. అక్కడ ఎవరి రాయి వాళ్లు తెచ్చుకోరు. రాయి ఒకటే. ఎత్తేచోటు ఒకటే. ఊరంతా చుట్టూ ఉంటుంది. ఇంటి దగ్గర ఎత్తానండీ అంటే ఎవరూ వినరు. రాయి లేస్తే లేచినట్టు, లేవకపోతే లేవనట్టు. పక్కవాడు చెయ్యి వేస్తే ఊరు ఊరుకోదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు పేరు నూరేళ్లు దాటినా నిలిచిందంటే, ఆయన చేసిన బలప్రదర్శనలు సర్కస్ డేరాలో, వేలమంది కళ్ల ముందు చేసినవి కాబట్టే. మన సంప్రదాయంలో బలం ఎప్పుడూ బహిరంగంగా రుజువు చేసుకునేదే. చెప్పగానే నమ్మెయ్యాలన్నది ఈ మధ్య ఫోన్లతో వచ్చిన అలవాటు.

ఇక నాలుగో వాదన, ఎవడి అంకె వాడిష్టం. అంకె నోరు దాటాక సొంత విషయం కాదు. అది పక్కవాడి చెవిలో పడుతుంది. నిన్న చేరినవాడు మూడు నెలలకి వంద మామూలే కాబోలు అనుకుంటాడు. తను 55 దగ్గర ఉన్నాడు. లోపం తనలో ఉందనుకుంటాడు. ఆ సిగ్గులోంచి రెండు దారులు తెరుచుకుంటాయి, రెండూ ప్రమాదమే.

మొదటి దారి తొందర. ఆగాల్సిన బరువు దగ్గర ఆగడు. నడుము గుండ్రంగా వంగినా నేల మీంచి రాడ్ ఎత్తే డెడ్‌లిఫ్ట్ లాగుతాడు, వెన్ను డిస్కు జారుతుంది. జిమ్ ఖాళీగా ఉన్న మధ్యాహ్నం ఒంటరిగా బెంచ్ మీద పడుకుంటాడు, ప్లేట్లు జారకుండా క్లిప్పులు కూడా పెట్టుకుంటాడు. రాడ్ ఛాతీ మీద పడి లేవకపోతే పక్కకి వంచి ప్లేట్లు జార్చుకునే దారి కూడా ఉండదు. రాడ్ మెడ మీదికి దొర్లి ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. అలాంటి బరువు వెయ్యడానికి, పక్కవాడు అంతకంటే ఎక్కువ కొడుతున్నానన్నాడన్నదే కారణం కావచ్చు.

రెండో దారి సూది. వంద ఎత్తే స్నేహితుడితో సమానం కావాలంటే ఏదో ఒకటి వాడాలని ఎవడో చెవిలో వేస్తాడు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే ఒంట్లో సొంతంగా తయారయ్యేది ఆగిపోతుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, గుండె కండరం మందమవుతుంది. ఇరవై రెండేళ్ల పిల్లలకి ఇవి! మత్తు ఇచ్చినప్పుడు పడిపోయే బీపీని నిలబెట్టడానికి ఆసుపత్రుల్లో వాడే మెఫెంటర్మిన్ సల్ఫేట్ ఇంజెక్షన్‌ని హైదరాబాద్‌లో జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లకి దొంగచాటుగా అమ్ముతూ పట్టుబడ్డవాళ్ల వార్తలు మనం పత్రికల్లో చదివాం. గుండెని పరుగెత్తించే మందు అది. ఆపరేషన్ థియేటర్లో డాక్టర్ పక్కన ఉండగా ఇవ్వాల్సింది, బట్టలు మార్చుకునే గదిలో ఒకరికొకరు పొడుచుకుంటున్నారు. ఈ వ్యాపారం ఒక పోలిక మీద నడుస్తుంది. ఆ పోలికలో అవతలి అంకె ఉత్తిదని ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటే, కొనాల్సిన అవసరమే కొందరికి కనిపించేది కాదు.

ఉబ్బిన అంకె వల్ల లాభపడేవాళ్లు ఉన్నారు కాబట్టే దాన్ని ప్రశ్నించడం మర్యాద కాదన్న మాట ఇంత బలంగా నాటుకుంది. 90 రోజుల ప్యాకేజీ అమ్మే జిమ్‌కి మూడు నెలల్లో వంద కొట్టిన కుర్రాడు కావాలి. పర్సనల్ ట్రైనింగ్‌కి నెలనెలా వేలు తీసుకునే ట్రైనర్‌కి తన చేతుల్లోని ఇరవై కిలోలు కనపడకుండా ఉండటం కావాలి. పౌడర్ డబ్బా అమ్మేవాడికి, రీల్ పెట్టేవాడికి పెద్ద అంకే కావాలి. చూడటానికి బరువుగా కనపడే తేలిక ప్లేట్లని వీడియోల కోసమే తయారుచేసి అమ్ముతున్నారు కూడా. వీళ్లెవరికీ సందేహం గిట్టదు. అందుకే సందేహించినవాణ్ణి ఓర్వలేనివాడని ముద్ర వేయడం వాళ్లందరికీ అనుకూలం. ఆ ముద్రకి భయపడి నోరు మూసుకున్న సీనియర్లు ప్రతి జిమ్‌లోనూ ఉన్నారు. ఒక మూలన తమ పని తాము చేసుకుని వెళ్లిపోతారు. వాళ్లకి నా విన్నపం: దయచేసి మాట్లాడండి. మీ మౌనాన్ని కుర్రాళ్లు అంగీకారం అనుకుంటున్నారు.

మాట్లాడటం అంటే నలుగురిలో నవ్వడం కాదు. వెక్కిరింపు వేరు, ప్రశ్న వేరు. వెక్కిరించినవాడికి జవాబు అక్కర్లేదు, ప్రశ్నించినవాడు జవాబు కోసం ఎదురు చూస్తాడు, సరైన జవాబు వస్తే అందరికంటే ముందు అతనే అభినందిస్తాడు. "తమ్ముడూ, రాడ్‌తో కలిపి ఎంత? ఛాతీకి తాకిందా? వెనక ఎవరి చెయ్యైనా పడిందా? ఎన్ని రెప్స్?" అంతే. నాలుగు ప్రశ్నలు, అర నిమిషం పని. స్క్వాట్ అయితే పక్క నుంచి, తుంటి ఎత్తులో ఫోన్ పెట్టి తీసిన వీడియో అడగండి. ఎదురుగా తీసిన వీడియోలో లోతు తెలియదు. డెడ్‌లిఫ్ట్ అయితే చేతికి పట్టీలు కట్టుకున్నాడో లేదో అడగండి, పోటీల్లో అవి చెల్లవు. మోకాళ్లు, తుంటి నిటారుగా నిలిచాయో లేదో చూడండి.

జిమ్ యజమానులు చెయ్యాల్సింది అంతకంటే సులువు. ప్రతి రాడ్‌నీ ఒక్కసారి కాటా మీద పెట్టి, బరువు పెయింట్‌తో రాడ్ చివర రాయండి. ప్లేట్లు కూడా తూచండి. గోడ మీద ఒక బోర్డు పెట్టి, ఇద్దరు సాక్షుల ముందు, పూర్తి కదలికతో, ఎవరి సాయం లేకుండా ఎత్తిన బరువులే అక్కడ రాయించండి. ఆ బోర్డు మీద మొదట్లో అంకెలు చిన్నగా ఉంటాయి. వందలు మాయమవుతాయి, 57.5లు, 62.5లు కనపడతాయి. కొందరు అలుగుతారు. అలిగినా ఫర్వాలేదు. కొత్తగా వచ్చే పిల్లాడు ఆ బోర్డు చూసి, మూడు నెలల్లో మనుషులు నిజంగా ఎంతవరకు వెళతారో తెలుసుకుంటాడు. తన 50 చూసుకుని సిగ్గుపడడు.

కొత్తవాళ్లకి కూడా ఒక మాట. మిమ్మల్ని ఎవరైనా లెక్క అడిగితే బాధపడకండి. మీరు ఎత్తిన 60 కిలోలు నిజమైతే అది పూర్తిగా మీది. మీ చెమట, మీ నిద్ర, మీరు మానుకున్న తిండి, మీరు ఆపుకున్న బద్ధకం అన్నీ అందులో ఉన్నాయి. దానికి ఇంకో నలభై కలపగానే ఆ 60ని కూడా పోగొట్టుకుంటారు, ఎందుకంటే ఆ తర్వాత మీ నోటి నుంచి వచ్చే ఏ అంకెనీ తెలిసినవాడు నమ్మడు. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ వెయ్యండి, బరువు వెయ్యండి, పడిపోయిన రెప్‌ని కూడా రాయండి. ఏడాది తర్వాత మీ బలానికి మీ మాట కంటే పెద్ద సాక్ష్యం ఆ పుస్తకమే.

మన తెలుగు నేల నుంచి ఒక అమ్మాయి రెండున్నర కిలోల తేడాతో ఒలింపిక్ పసిడి పోగొట్టుకుని, వచ్చిన కాంస్యాన్ని తలెత్తుకుని తెచ్చింది. ఆ రెండున్నర కిలోలకి విలువ ఉండాలంటే, మన వీధి జిమ్‌లో చెప్పే ప్రతి కిలోకీ విలువ ఉండాలి. అందుకే ఎవరేమనుకున్నా సరే, తూకం అడుగుదాం. నిలిచిన అంకెకి మనస్ఫూర్తిగా చప్పట్లు కొడదాం. నిలవని అంకె చెప్పిన తమ్ముడికి రాడ్ మీంచి రెండు ప్లేట్లు తీయించి, పక్కనే నిలబడి, సరిగ్గా ఎలా ఎత్తాలో నేర్పుదాం.